బురద ప్రెస్సుకు తాళాలు

హమ్మాది ప్రెస్సు పలకల మధ్యే చచ్చిపోయాడు. మేమంతా చూశాం. కాంట్రాక్టరు లారూసీ కూడా చూశాడు. చూసి, పోలీసు అధికారితో ఏమన్నాడో తెలుసా? "తాగి ఉన్నాడు. ప్రెస్సు గేటు వాడే తెరిచాడు."

హమ్మాది జన్మలో చుక్క ముట్టలేదు.

స్ఫాక్స్ ఊరి మురుగు బురదంతా మా దగ్గరికే వస్తుంది. దాన్ని రెండు లోహపు పలకల మధ్య నొక్కి కరెంటు పారిస్తాం. ఎంత నొక్కినా వదలని నీళ్లు కరెంటు తగలగానే మైనస్ పలక వైపు జరిగి కారిపోతాయి. గట్టిపడి మిగిలిన బురద అట్టను గేటు తెరిచి గరిటెతో గీకాలి. గేటు తెరవగానే కరెంటు దానంతటదే పోవాలి. కానీ కరెంటు పోయి చల్లారితే అట్ట పలకలకు కప్పిన వడగుడ్డకు అంటుకుపోతుంది, పని సాగదు. అందుకని లారూసీ, గేటు తెరిచినా కరెంటు పోకుండా దాని స్విచ్చిని తీగతో కట్టించాడు. వాడి లారీలు ఆగకూడదు, మా ప్రాణాలు పోతే పోనీ.

హమ్మాదిని పూడ్చిపెట్టిన మర్నాడు లారూసీ పోలీసు అధికారిని, అతని పోలీసులను వెంటేసుకుని వచ్చి, ప్రెస్సు ఆన్ చేయించి గేటు తెరిపించాడు. తీగ అలాగే ఉంది.

"ఏంట్రా చూస్తారు? గీకండి."

"ముందు తీగ విప్పించు, సీ లారూసీ," అన్నాడు మాలో పెద్దవాడు బూరావి.

"పలకలో కరెంటేం లేదు. వాడు తాగి చచ్చాడు."

హమ్మాది భార్య సాల్హా మాతోనే అట్టలు ఎత్తే పని చేస్తుంది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఏం లేదా? అయితే చెయ్యి పెట్టు, లారూసీ."

'సీ' అనే మర్యాద లేకుండా వాణ్ణి పిలవడం అదే మొదలు.

"పిచ్చెక్కిందా నీకు?"

"మా ఆయన పెట్టిన చోటే పెట్టు. నువ్వు తాగలేదుగా, నీకేం కాదు."

మేం చుట్టూ మూగాం. మేం ఒక అడుగు వేస్తే వాడు ఒక అడుగు వెనక్కి. వీపు పలకకు తగలబోయేసరికి గావుకేక పెట్టాడు.

"కరెంటు తీయండ్రా, చస్తాను!"

ఒక్క తోపు తోసేద్దామని నా చేతులు లాగాయి. ఇప్పటికీ అందుకు నాకు సిగ్గు లేదు. సాల్హా అడ్డం వచ్చింది.

"ఆగన్నా. నిజం వీడి నోటితోనే వచ్చింది. అధికారి గారూ, విన్నారుగా?"

అధికారి మొహం తిప్పుకున్నాడు.

బూరావి వెళ్లి మెయిన్ స్విచ్చి దించి, తన తాళం వేశాడు. మరమ్మతుకు దిగేటప్పుడు ఎవరి తాళం వాళ్లు వేసుకోవడం మా పద్ధతి. అందరివీ తీస్తేనే కరెంటు వస్తుంది. ఆ రోజు ఎవరూ దిగలేదు, తాళాలు మాత్రం అందరం వేశాం.

"తాళంచెవులు ఇవ్వండి," అన్నాడు అధికారి.

బూరావి బురద తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "అందులో ఉన్నాయి. దిగి తెచ్చుకోండి."

"ప్రెస్సు ఆగితే ఊరి మురుగు ఎటు పోతుంది రా?" అన్నాడు అధికారి.

"లారూసీ బంగళా దగ్గరే కదా, అటు పోనీ," అంది సాల్హా.

లాఠీలు లేచాయి. బూరావి తల పగిలింది. మమ్మల్ని వ్యాను ఎక్కించారు. వ్యాను కదిలేసరికి రెండో షిఫ్టు వాళ్లు రోడ్డు నిండా వస్తున్నారు, పోలీసులను చూసినా ఆగకుండా. సాల్హా కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది.

"స్విచ్చికి ఇక తాళం పట్టే చోటు లేదు! మా తాళాలకే మీవి తగిలించండి!"