పసరు మరక

గంజి బాబాయి మూడోసారి సబ్బు రుద్దాడు. మరక కదల్లేదు. పెరట్లో కుళాయి పక్కన చప్టా మీద తెల్ల దుప్పటి పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో గుడ్డను బిగించి పట్టుకుని కుడిచేతి బొటనవేలి గోరుతో మెల్లగా గీరుతున్నాడు. మట్టి పోయింది. బురద చారలూ పోయాయి. టమాటా ఆకులు నలిగిన చోట అంటిన పసరు మాత్రం అరచెయ్యంత మేర, ఆకుపచ్చా పసుపూ కాని రంగులో అలాగే నిలిచిపోయింది.

తప్పు తనదే. నిన్న సాయంత్రం కంగారులో దానిమీద వేడినీళ్ళు పోశాడు. వేడి తగిలితే పసరు నూలులోకి ఇంకిపోతుందని, లాండ్రీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేది తను. జుట్టు నెరిసేదాకా చేసిన పనిలో ఓనమాలు మర్చిపోయాడు. దొంగతనం చేసినవాడికి బుర్ర పనిచేస్తుందా మరి.

దొంగతనమే అది. పొద్దుటినుంచి ఇంకో మాట దొరుకుతుందేమోనని వెతుక్కున్నాడు, దొరకలేదు.

ఈ వసంతం పొడుగునా ఇదే వరస. పొద్దున చూసిన ఆకాశం మధ్యాహ్నానికి ఉండదు. ఒకరోజు మొక్కలు వడలిపోతాయని నీడ కట్టాలి, మర్నాడు గాలికి విరిగిపోతాయని కర్రలు పాతాలి. నిన్న సాయంత్రం పనినుంచి వచ్చి, మర్నాడు పొద్దున్నే టెలిఫోనమ్మ ఇంట్లో ఇవ్వాల్సిన బట్టల మూట బల్లమీద పెట్టి కాళ్ళు కడుక్కుంటుంటే పడమట మబ్బు నల్లగా లేచింది. మొదటి వడగల్లు రేకుల మీద టంగుమంది. ఏం చేస్తున్నాడో చూసుకోకుండా మూట విప్పి రెండు దుప్పట్లు లాగి, టమాటా మడి మీద కర్రలకు అడ్డంగా పరిచి, మూలల్లో ఇటుకలు పెట్టాడు. వడగళ్ళు పోగుపడి గుడ్డ కుంగి ఆకులను నలుపుతుంటే, కిందికి చేతులు దూర్చి ఎత్తి పట్టుకున్నాడు. వీపు మీద రాళ్ళు పడుతున్నా వదల్లేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య, "అవెవరివయ్యా?" అని అడిగింది. అతను గుడ్డను ఇంకాస్త పైకెత్తాడు.

ఆలోచించకుండా చేశానని రాత్రంతా తనకు తాను చెప్పుకున్నాడు గానీ అదీ నిజం కాదు. వాళ్ళ సొంత దుప్పటి పక్కనే మంచం మీద ఉంది. దాన్ని చూశాడు. అది తడిస్తే రాత్రికి కప్పుకోవడానికి ఉండదే అనుకున్నాడు. అనుకున్నాకే మూట విప్పాడు.

"ఇంకా పోలేదా?" భార్య టీ గ్లాసు తెచ్చి చప్టా అంచున పెట్టింది.

"ఎండ తగిలితే విరుగుతుంది."

"మబ్బు ముసురుకునుంటే ఎండెక్కడిది? ఎందుకొచ్చిన తిప్పలయ్యా, వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. ఆవిడ లేచొచ్చి కొడుతుందా ఏమన్నానా? పాపం మంచంలో పక్కకి తిరగడానికే ఓపిక లేదు."

"చెప్తాలే."

"నీ 'చెప్తాలే' నాకు తెలీదూ? మన పెళ్ళి సంగతి మీ అమ్మకి చెప్తాలే అని ఎంతకాలం తిప్పావో గుర్తులేదా?"

 అతను దుప్పటి పిండి, అప్పటికే ఉతికిన రెండోదానితో కలిపి బకెట్లో వేసుకున్నాడు. మడి వైపు చూడకుండానే వెళ్ళిపోదామనుకున్నాడు, చూడకుండా ఉండలేకపోయాడు. మొక్కలు నిటారుగా నిలబడి ఉన్నాయి. పూత రాలలేదు. గోళీకాయంత పిందె ఒకటి ఆకుచాటున పచ్చగా మెరుస్తోంది. సంతోషం కలిగింది. ఆ సంతోషం చూసుకుని అతనికి ఇంకా సిగ్గేసింది.

పనివాళ్ళు అతన్ని గంజి బాబాయి అనడం చొక్కాలకు గంజి బాగా పెడతాడని మాత్రమే కాదు. మనిషి కూడా అలాగే బిర్రుగా ఉంటాడు. పరాయివాళ్ళ బట్ట ఒంటిమీద వేసుకోవడం కాదు కదా, మెడ చుట్టూ తిప్పుకుని చూసి కూడా ఎరగడు. ఒకసారి తోటి పనివాడు ఎవరిదో కోటు తొడుక్కుని ఫొటో దిగి వస్తే, అందరూ నవ్వి ఊరుకున్నారు. ఇతను మాత్రం ఓనరుకి చెప్పాడు. ఆ పనివాణ్ణి తీసేశారు. వెళ్ళిపోతూ వాడు, "ఒక్క ఫొటోకే కదా బాబాయ్" అన్నాడు. "ఒక్క ఫొటో అయితే మాత్రం?" అన్నాడితను. ఆ మాట అన్నందుకు చాలా ఏళ్ళు గర్వంగా ఉండేది.

రోజంతా ఒకరి బట్టలు, ఒకరి మాసికలు, ఒకరి బొత్తాలు. సొంతానికి ఉన్నదల్లా గది వెనక గోడకీ మురుగు కాలవకీ మధ్య ఉన్న ఆ సన్నటి నేల. పోయిన వసంతంలో వడగళ్ళు ఆకన్నది మిగల్చలేదు. అంతకుముందు ఏడాది వేళకాని ఎండ మాడ్చేసింది. ఈసారి పాత డబ్బాల్లో విత్తనాలు వేసి, లాండ్రీలో బాయిలరు పక్కన వెచ్చగా ఉంచి నారు పెంచాడు. ఎవరినడిగినా, "ఈ కాలంలో టమాటాలేంటి బాబాయ్, మార్కెట్లో కొనుక్కోక" అన్నారు. కొనుక్కున్నవి ఎలాగూ ఒకరు పండించినవే. తనది అనేది ఒకటి కాయాలని అతనికి ఉండేది. ఇంత వయసొచ్చి అలాంటి ముచ్చటేమిటని ఎవరికీ చెప్పలేదు.

లాండ్రీలో ఓనరు అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. బకెట్టు చూసి ఏమిటన్నాడు.

"టెలిఫోనమ్మగారివి. సరిగా ఆరక ముక్క వాసన వస్తున్నాయి. ఇంకోసారి జాడిస్తా."

"నీ చాదస్తం నీది బాబాయ్," అని కుర్రతనంగా నవ్వాడు ఓనరు. తండ్రి పోయాక కొట్టు చేతికొచ్చిన మనిషి. ఇతని మాటను ఏనాడూ అనుమానించలేదు.

డాబా మీద తాడుకు దుప్పట్లు ఆరేశాడు. రెండోదానికి మట్టి తప్ప ఏమీ అంటలేదు, శుభ్రంగానే ఉతికివచ్చింది. దాన్ని ఇస్త్రీతో ఆరబెట్టి ఇప్పుడే ఇచ్చి రావచ్చు. కానీ ఒకటి ఇస్తే రెండోది ఏదని అడుగుతారు. రెండూ ఉంచేశాడు. మరక ఉన్న భాగాన్ని ఆకాశం వైపు తిప్పి, సూర్యుడు ఉండాల్సిన చోట తెల్లగా కదులుతున్న మబ్బును చూస్తూ నిలబడ్డాడు.

కిందికి దిగేసరికి ఫోను మోగుతోంది. టెలిఫోనమ్మ కూతురు.

"బాబాయ్, పొద్దున్నే దుప్పట్లు తెస్తానన్నావు?"

"ఎండ లేదమ్మా. ఆరలేదు."

"సరేలే, ఆరాకే తీసుకురా. నాకు డ్యూటీకి టైమవుతోంది, పక్కింటావిడ అమ్మ దగ్గర ఉంటుంది."

ఫోను పెట్టేశాక అతను చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎన్ని అబద్ధాలయ్యాయో లెక్కపెట్టుకోవడం ఇష్టం లేక ఇస్త్రీ బల్ల దగ్గరకు వెళ్ళాడు.

టెలిఫోనమ్మ అంటే ఒకప్పుడు టెలిఫోను ఆఫీసులో పనిచేసినావిడ. ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడ గొంతు దాటుకునే వెళ్ళాల్సి వచ్చేది. ఇన్నేళ్ళు మంచాన పడ్డా ఆ గొంతు మారలేదు. దుప్పట్లు తెచ్చినప్పుడల్లా, "బయట ఎలా ఉంది తమ్ముడూ?" అని అడిగేది, ఏదో దూరదేశం సంగతి అడిగినట్టు. తన పని ఒకరికి చెప్పాలంటే ఆవిడకు ప్రాణం చచ్చిపోయేది. గ్లాసు అందించమనడానికి కూడా, నీకేం పని లేకపోతేనే సుమా అనేది.

మధ్యాహ్నానికి ఎదురుకొట్టు దర్జీ లోపలికొచ్చి బల్లకు ఆనుకున్నాడు.

"మా బీరపాదు జల్లెడయిపోయింది. వీధంతా తిరిగొచ్చా, ఒక్క పెరడు మిగల్లేదు. నీ టమాటాలు మాత్రం పెళ్ళికొడుకుల్లా ఉన్నాయట, మా ఆవిడ చూసొచ్చింది. ఏం చేశావు బాబాయ్?"

"ఏదో కప్పాను."

"ఏం కప్పావు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి మెడమీదికి పోయింది. "గోనెసంచులు," అన్నాడు.

"ఇదిగో ఇదీ ముందుచూపంటే," అన్నాడు దర్జీ ఓనరు వైపు తిరిగి.

"మా బాబాయి చేతిలో పెడితే గుడ్డయినా మొక్కయినా బ్యాంకులో పెట్టినట్టే," అన్నాడు ఓనరు. బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ కూడా మెచ్చుకోలుగా తలూపింది. గంజి బాబాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కంచే చేను మేసిందని వీళ్ళకు తెలిస్తే ఏమంటారో. కోటు వేసుకుని ఫొటో దిగినవాడు ఇప్పుడెక్కడున్నాడో. వాడు సరదాపడింది ఒక్క ఫొటోకే.

చినుకులు మొదలయ్యాయి. డాబా ఎక్కి దుప్పట్లు తీశాడు. చినుకులు ఆగాయి. మళ్ళీ వేశాడు. మరక కాస్త వెలిసినట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నిమ్మచెక్క రుద్ది మళ్ళీ ఆకాశం వైపు చూశాడు. తన మొక్కల కోసం కూడా ఎండ కావాలని ఇంతలా ఎన్నడూ కోరుకోలేదు.

టెలిఫోనమ్మ కూతురు డ్యూటీనుంచి మళ్ళీ ఫోన్ చేసింది. "అమ్మ అడుగుతోందట బాబాయ్. వేరేవి పరుస్తామంటే వద్దంటోందట. గరుకుగా ఉండి వీపు పుండు మండుతుందంట. నువ్వు ఉతికినవే మెత్తగా ఉంటాయంట. ఆలస్యమవుతుందా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. పక్కన ఓనరు ఏదో రాసుకుంటున్నాడు. "ఈ వాతావరణం చూస్తున్నావుగా తల్లీ," అన్నాడు గంజి బాబాయి. "సాయంత్రానికి తెచ్చేస్తా."

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే," అందామె.

పొద్దు వాలబోయే ముందు మబ్బు ఉన్నట్టుండి చీలింది. ఎండ డాబా మీద ఫెళ్ళున పడింది. గంజి బాబాయి పని వదిలేసి పైకి పరుగెత్తాడు. దుప్పటిని తాడు మీంచి తీసి నేలమీద పరిచి, మరక మీద నీళ్ళు చల్లుతూ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నిమ్మరసం తడిసిన చోట పసుపు మెల్లమెల్లగా పలచబడింది. తడి ఆరేసరికి, ఎక్కడుందో తెలిసినవాడు వెతికితే తప్ప కనపడనంతగా పోయింది.

అతని గుండె తేలికపడింది. దుప్పట్లు రెండూ మడిచి బల్లమీద వేసి, ఇస్త్రీపెట్టె వేడిచేసి, అంచుకు అంచు కలిపి, ఇంత బాగా ఎప్పుడూ చేయలేదనిపించేలా ఇస్త్రీ చేశాడు. కూనిరాగం కూడా తీశాడు. మరకే లేనప్పుడు ఇంక చెప్పడానికేముంది? చెప్పి ఒకరి మనసు పాడుచేయడమెందుకు? రోడ్డు మీద నడుస్తూ, కాయలు పండాక టెలిఫోనమ్మకు మొదటి నాలుగూ ఇచ్చి వద్దామని కూడా అనుకున్నాడు. ఆ ఊహకు ఎంతో సంతోషపడ్డాడు.

వాళ్ళ గుమ్మం ముందు చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. పక్కింటాయన కుర్చీలు తెచ్చి వేస్తున్నాడు.

కూతురు ఆఫీసు చీరలోనే ఉంది. ఏడ్చి కడుక్కున్న ముఖం. అతన్ని చూసి గుమ్మం దాకా వచ్చింది.

"ఇందాకే బాబాయ్. నేను వచ్చేసరికి నిద్రపోతోందనుకున్నా. పక్కింటావిడా అలాగే అనుకుంది." అతని చేతుల్లోని మూట చూసింది. "నీ దుప్పట్ల కోసం ఎదురుచూసింది. బాబాయి వస్తాడుగా, అప్పుడే మారుద్దురుగాని అందట."

"అమ్మా, ఆ దుప్పట్లు..."

"ఆరలేదనే కదా. నీ తప్పేముంది అందులో? ఎండ లేకపోతే నువ్వు తెప్పించగలవా?" ఆమె పై దుప్పటి మడత మీద చెయ్యి వేసి నిమిరింది. "ఎంత తెల్లగా ఉన్నాయో చూడు. అమ్మకి ఇవే పరుద్దాం."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆమె దుఃఖంలో ఉంది. ఇప్పుడు తను చెబితే చెప్పి బరువు దించుకునేది తనే, మోసేది ఆమె. అందుకే ఊరుకున్నాననుకున్నాడు. అది సగమే నిజమని కూడా అతనికి తెలుసు.

ఆడవాళ్ళు పెద్దావిడకు ఒళ్ళు తుడిచి చీర మార్చాక అతన్ని లోపలికి పిలిచారు. పరవడానికి ఒక వైపు అంచు అతను పట్టుకున్నాడు. మరక ఉన్న భాగం కాళ్ళ వైపుకు, కిందికి వచ్చేలా తిప్పి సర్దాడు. ముడత లేకుండా చేత్తో సాపు చేశాడు. చూస్తున్న ముసలాయన ఒకరు, "పనిమంతుడు," అన్నాడు మెల్లగా. ఆవిడ ముఖం వైపు అతను చూడలేదు.

వెళ్ళిపోతుంటే కూతురు చుట్టచుట్టిన పాత దుప్పటిని తెచ్చి అతని చేతిలో పెట్టింది. "రోజంతా అమ్మ కింద ఉన్నది. తీసేటప్పుడు అలాగే చుట్టేశారు. మాకింక వద్దు బాబాయ్, ఏం చేస్తావో నీ ఇష్టం."

ఇంటికి వచ్చేసరికి భార్య మడి దగ్గర నిలబడి కర్రలకు తాడు కడుతోంది. "చెప్పావా?" అంది. ఆవిడ చనిపోయిందని చెప్పాడు. ఆమె కడుతున్న తాడు వదిలేసి లోపలికి వెళ్ళింది. ఇంకా వెలుతురుంది. టమాటా మొక్కలు గాలికి మెల్లగా ఊగుతున్నాయి.

కుళాయి తిప్పి బకెట్టు కింద పెట్టాడు. నానబెట్టే ముందు దులపాలని చప్టా మీద దుప్పటిని విప్పాడు. మధ్యలో పెద్ద తడి, మూత్రం వాసన. పొద్దుటిది ఒకటి ఆరి అంచుకట్టింది, దాని మీద మళ్ళీ ఇంకొకటి. ఎవరికీ చెప్పినట్టు లేదు. ఆ తడి మీద, ముఖం తుడుచుకోవడానికి తలగడ పక్కన ఉంచే చిన్న తువ్వాలు, లేవలేని మనిషి ఎలా చేసిందో గానీ, అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు వేసి ఒంటికింద పరుచుకున్నది, మడత చెదరకుండా అలాగే ఉంది.