ఒకటిన్నర మెట్టు

రిహార్సల్ గదిలో ఏసీ ఆపేశారు. చల్లగాలికి గొంతు ఆరిపోతుందని గాయని ఒప్పుకోదు. గోడలకు తివాచీలు కొట్టి ఉన్నాయి, కిటికీ లేదు. కీబోర్డు మాస్టారు చొక్కా పై బొత్తాలు విప్పి అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"మీ గొంతు సంగతేమో గానీ మేం ఉడికిపోతున్నామమ్మా," అన్నాడు.

"ఉడికితే మెత్తబడతారు మాస్టారూ. మంచిదేగా," అంది గాయని.

ఆమెకు నలభై ఏడేళ్లు. ఇరవైల్లో పాడిన పాట ఒకటి ఇప్పటికీ బస్సుల్లో, సెలూన్లలో వినిపిస్తూనే ఉంది. ఆ పాట చివరి పాదంలో గొంతు నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి పైమెట్టు మీద నిలబడాలి. కిందటి నెల కచేరీలో నిలబడలేదు. జారింది. ఎవరో ఫోనులో తీశారు. ఆ ముక్కను ఆమె పాటలకంటే ఎక్కువమంది చూశారు.

శనివారం మళ్లీ కచేరీ. ఆ పాట లేకపోతే హాలు నిండదని నిర్వాహకుడు చెప్పాడు. పోనీ పాత రికార్డు వేస్తాం, మీరు పెదవులు కదిపితే చాలన్నాడు. ఆమె వద్దంది. శ్రుతి తగ్గించుకుని పాడమని డాక్టరు చెప్పాడు. దానికీ వద్దంది. పాట ఎక్కడ పుట్టిందో అక్కడే పాడతానంది. ఇంకోసారి జారితే పిలిచేవాళ్లుండరని ఆమెకు తెలుసు. గదిలో ఉన్న మిగతా ముగ్గురికీ తెలుసు.

ముగ్గురిలో ఒకరు మాస్టారు. గిటారు పట్టుకున్నది గాయని కూతురు. మూడో మనిషి గాయని అక్క. మొదటి కచేరీ నుంచీ చెల్లెలి వెనక నిలబడి కోరస్ పాడుతోంది. ఆ పాట అక్క కూనిరాగంతోనే మొదలవుతుంది. అప్పుడు వాయిద్యమేదీ ఉండదు. మొదటి స్వరాన్ని ఆమె జ్ఞాపకంతోనే పట్టుకుంటుంది. చివరి పాదంలో చెల్లెలికంటే పైన పాడేది కూడా ఆమే. వినేవాళ్లకు ఆ సంగతి తెలియదు. రెండు గొంతులూ ఒకటిగానే వినిపిస్తాయి.

"కానివ్వండి," అంది గాయని.

అక్క కూనిరాగం తీసింది. గాయని దాన్నే పట్టుకుని రెండు పాదాలు పాడింది. మూడో పాదంలో కీబోర్డు, గిటారు వచ్చి కలవాలి. వచ్చాయి గానీ కలవలేదు. పాట ఒకచోట, కీబోర్డు ఇంకోచోట, గిటారు మరోచోట ఉన్నాయి. సందులో మూడు బళ్లు ఇరుక్కున్నట్టు అందరూ ఆగిపోయారు.

కూతురు తీగలు చూసుకుంటూ కూర్చుంది. మాస్టారు అట్టముక్క మళ్లీ అందుకున్నాడు.

"అనుకున్నా, ఇవాళ ఇంత సుఖంగా ఉందేంటని," అంది గాయని. "ఎవరెంత తగ్గించారు?"

మాస్టారు కీబోర్డు మీద ఒక బొత్తాం చూపించాడు. "ఒక మెట్టండి. ఈ బొత్తాం నొక్కితే వేళ్లు ఉన్నచోటే ఉంటాయి, శ్రుతి దిగిపోతుంది. మీకు తెలియదులే అనుకున్నా."

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందట. నువ్వేం చేశావే?"

"అరమెట్టు," అంది కూతురు. "తీగలు వదులు చేశా. అరమెట్టే కదమ్మా, గుర్తుపట్టవనుకున్నా."

"కన్నతల్లి మీద ఎంత నమ్మకమే నీకు. అక్కా, నువ్వు?"

"ఒకటిన్నర."

"ముగ్గురూ ఒకరితో ఒకరు చెప్పుకుని ఏడవచ్చుగా. కనీసం మోసమైనా శ్రుతిలో ఉండేది."

మాస్టారు నవ్వబోయి ఆపుకున్నాడు.

"నన్నడగడానికి నోళ్లు పడిపోయాయా?" అంది గాయని.

"అడిగితే ఒప్పుకునేదానివా?" అంది అక్క.

"ఒప్పుకునేదాన్ని కాదు."

"మరి?"

గాయని కుర్చీ లాక్కుని కూర్చుంది. "నెలరోజులుగా సాధన చేస్తున్నా. ఒక్కోసారి అందుతోంది. ఆ ఒక్కోసారి శనివారమే కావచ్చుగా. జనం వచ్చేది ఆ స్వరం కోసమే అక్కా. దాన్ని దించేస్తే, నా పని అయిపోయిందని నేనే చాటింపు వేసుకున్నట్టు."

"నీ సంగతి అటుంచు. నాకు అందట్లేదు."

గాయని తలెత్తింది. "ఎప్పట్నుంచి?"

"రెండేళ్లయింది. నోరు తెరిచి నిలబడుతున్నా, గాలి తప్ప ఏం రావట్లేదు. కిందటి నెల నువ్వు జారినప్పుడు పైన పట్టుకోవడానికి నేను లేను. నీకు అరమెట్టు చాలు. మిగతా మెట్టు నాకోసం దించుకున్నా."

"చెప్పొచ్చుగా."

"నాకూ నోరు పడిపోయింది," అంది అక్క. "నీ వయసు దాచుకుందామంటే, నీకంటే ఎనిమిదేళ్లు పెద్దదాన్ని వెనక నిలబెట్టుకుని ఎలా దాస్తావే?"

గాయని అక్క వైపు చూస్తూ కూర్చుంది. స్టేజీ మీద ఎప్పుడూ వెనక ఉండే మనిషి. పాట మధ్యలో తిరిగి చూడాల్సిన పని ఇన్నేళ్లలో పడలేదు. గాయని లేచింది.

"మాస్టారూ, ఇంకో అరమెట్టు దించండి. నువ్వు తీగలు ఇంకాస్త వదులు చెయ్యవే."

"ఇంకో మెట్టు వదిలితే ఇది గిటారు కాదమ్మా, బట్టలారేసుకునే తాడవుతుంది."

"ఆరెయ్," అంది గాయని.

శనివారం హాలు నిండింది. సగంమంది జారుతుందేమో చూద్దామనే వచ్చారని మాస్టారి అంచనా. పాట చివరి పాదంలోకి వచ్చింది. ఇన్నేళ్లూ అక్కడికి వచ్చేసరికి జనం పాడటం ఆపి వినేవాళ్లు. అంత ఎత్తుకు వాళ్ల గొంతులు వెళ్లేవి కావు. ఈసారి ముందు వరసలో ఒకామె ఆపలేదు. తమకూ అందుతోందని తెలిసి పక్కవాళ్లూ ఆపలేదు. వెనక వరసలు అందుకున్నాయి. గాయని ఒక చేత్తో మైకు పట్టుకుని రెండో చేత్తో అక్కను ముందుకు లాగింది. ఇద్దరూ ఒకే మైకులో పాడారు. పైమెట్టు దగ్గరికి వచ్చేసరికి హాలంతా పాడుతోంది.

తెర వెనక్కి వచ్చాక కూతురు గిటారు దించకుండానే అడిగింది. "అమ్మా, అందిందా?"

"నీకు వినపడలేదా?"

"ఆ గోలలో ఎక్కడ వినపడింది. నీకు?"

"నాకూ వినపడలేదు. అక్కా, నువ్వు విన్నావా?"

అక్క మంచినీళ్ల సీసా మూత తిప్పుతోంది.

"నేను పాడుతున్నానే," అంది. "నిన్నెవరు విన్నారు?"