వర్లి చిరునామా

నీళ్లు వచ్చే ఆ గంటలోనే గిన్నెలు, బట్టలు అన్నీ అయిపోవాలి. గది మూల నీళ్లు పోయే మోరీ దగ్గర కూర్చుని భర్త అనికేత్ చొక్కా కాలరు రుద్దుతున్న దర్శనను చూసి అత్తగారు రత్నాబాయి అన్నది, "కంపెనీల ఇంజినీరమ్మవు గాని, కాలరు మరక వోగొట్టుడు నీతోని కాదు."

దర్శన కాలరు మీద ఇంకాస్త సబ్బు రాసింది. కోడలిగా ముంబయి కామాటిపురాలోని ఈ పదకొండో గల్లీకి వచ్చి రెండేళ్లు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం ఈ ఒంటి గది ఖోలీలోనే, కుక్కర్ ఈలలు లెక్కపెడుతూ చదివింది. మూడు నెలలుగా నవీ ముంబయిలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పాడైన బోర్డులో కరెంటు ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం ఆమె పని. ఆ బల్ల ముందు కూర్చున్నంతసేపూ ఎవరూ ఆమెను ఏమీ అనరు. రోజు మొత్తంలో ఆమెకంటూ ఉన్నది అదొక్కటే.

ఇప్పుడు అదీ పోయేలా ఉంది. ఉద్యోగం ఖాయం చేసే ముందు కంపెనీ ఒక మనిషిని పంపి ఇల్లు సరిచూసుకుంటుంది. దర్శన దరఖాస్తులో వర్లిలోని మేనమామ ఇల్లు రాసింది. ఆమె ఒక్కతే కాదు, ఒళ్లమ్ముకునే వాడగా పేరుపడ్డ కామాటిపురాలో పుట్టిన పిల్లలు బడి మొదలుకొని ఎక్కడో ఉన్న చుట్టాల చిరునామానే రాస్తారు. వచ్చిన మనిషికి మేనమామ భార్య ఉన్నమాట చెప్పేసింది. ఆఫీసులో ఉద్యోగుల వివరాలు చూసే మనాలీ మేడం గొంతు తగ్గించి, "కామాటిపురాలోనా? నువ్వా?" అని అడిగింది. రెండు రోజుల్లో అసలు చిరునామా ఇమ్మన్నది. ఆ మధ్యాహ్నం, రోజూ పక్కన కూర్చుని తినే అమ్మాయిలు డబ్బాలు తీసుకుని వేరే బల్లకు వెళ్లారు. సూపర్‌వైజరు మాత్రం, ఎన్నడూ లేనిది, ఇంటిదాకా దింపుతానన్నాడు.

అనికేత్ తేలికైన దారి చెప్పాడు. వర్లిలో ఖోలీ కిరాయికి తీసుకున్నట్టు ఏజెంటుతో కాగితం చేయిస్తాడట. "అందరు గిట్లనే చేస్తరు. నీకొక్కదానికే సచ్చాయి ఎందుకు? లేకుంటే నౌకరి ఇడిశిపెట్టు. ఇంట్ల పనన్న మంచిగైతది."

ఆమె కాగితానికి ఒప్పుకునేదే. ఆధార్ నకలు కోసం పత్రాల సంచి విప్పినప్పుడు అమ్మ మరణ ధ్రువపత్రం చేతికి వచ్చింది. తారాబాయి నలభై ఏళ్లు ఎనిమిదో గల్లీలో బీడీలు చుట్టి, కూతుర్ని చదివించి, ఈ వానాకాలంలో పోయింది. నివాసం అన్నచోట వర్లి అని ఉంది. ఆసుపత్రిలో ఆ ఫారం నింపింది దర్శనే. ఏడుస్తూ కూడా చెయ్యి అలవాటు తప్పలేదు.

మర్నాడు మనాలీ మేడంకు పదకొండో గల్లీ అనే రాసిచ్చింది. మనిషి శనివారం వస్తాడని, ఈసారి కూడా ఇల్లు కలవకపోతే ఉద్యోగం ఉండదని మేడం చెప్పింది.

ఆ మాట విని రత్నాబాయి ముఖం గట్టిపడింది. "ఎవ్వడో మగోడు నీ పేరు వట్టి గల్లీల అడుక్కుంట తిరగాల్నా? అసొంటి పిల్ల ఈడ లేదనే చెప్త."

చెప్పినట్టే చేసింది. శనివారం ఫైలు పట్టుకుని ఒకతను వాళ్లుండే ఒంటి గదుల చాల్ కిందికి రాగానే, మెట్ల దగ్గర కాచుకుని ఉన్న రత్నాబాయి లేదన్నట్టు చెయ్యి ఊపింది. అతను వెనక్కి తిరిగాడు.

పై అంతస్తులో తలుపు లోపలి నుంచి దర్శన చూస్తూనే ఉంది. ఈ గల్లీలో సంసారుల ఆడవాళ్లు ఖోలీల ముందుండే గ్యాలరీ కమ్మీ పట్టుకుని నిలబడరు. పైనుంచి మగవాణ్ణి కేకేసేది ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. ఆమె గడప దాటింది. వెనక నుంచి అనికేత్, "దర్శనా, లోపలికి రా. ఇజ్జత్ తియ్యకు" అన్నాడు.

ఆమె కమ్మీ మీద రెండు చేతులూ ఆనించి కిందికి వంగింది. గల్లీ అంతా తలెత్తి చూసేంత గట్టిగా, మరాఠీలో పిలిచింది.

"దర్శన నేనే. పైకి రండి."