వరసలో రాయి

లెదీనా ఇప్పుడు పెర్మెత్ ఊరి బళ్ళో పిల్లలకు చరిత్ర చెబుతోంది. దేశం ఒక నియంత కింద తలుపులు బిగించుకుని కూర్చున్న ఆ నలభై ఏళ్ళ పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకం మూసేసి, ఒక రాయి కథ ఎత్తుకుంటుంది. పుస్తకం మూస్తే చాలు, పిల్లలు రాయి కథైనా రప్ప కథైనా చెవులప్పగించి వింటారు. ఆమెకు మాత్రం ఆ కథ మొదలుపెట్టగానే తన పదిహేడో ఏడు, వాళ్ళ వీధి, నవంబరులో ఇంటింటా ఉప్పునీళ్ళలో ఊరే క్యాబేజీ పుల్లటి వాసన అన్నీ ఒక్కసారే చుట్టుముడతాయి. ఆ వీధి మీద బెంగ ఆమెకు ఇప్పటికీ తీరలేదు.

ఆ ఏడు చరిత్ర మాస్టారు ఒక పని అప్పజెప్పారు. ఆ రోజుల్లో మనుషులు ఎలా బతికారో అయిదుగురు పెద్దవాళ్ళను అడిగి రాసుకురావాలి. ఆనాటి వస్తువు ఒకటి కూడా తేవాలి. లెదీనా నేరుగా నానమ్మ పొలిక్సెనీ దగ్గరికి పోయింది. నానమ్మ కుట్టుమిషను కిందనుంచి తెల్లచార ఉన్న గుండ్రటి రాయి ఒకటి తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఇదిగో, ఇదే నేను. వరసలో నా బదులు ఇదే నిలబడేది."

పాలకొట్టు కిటికీ తెల్లవారుజామున అయిదింటికి తెరిచేవారు. రాత్రంతా చలిలో నిలబడటం ఎవరి తరం? అందుకని సాయంత్రమే తలా ఒక రాయి తెచ్చి వరసలో పెట్టిపోయేవారు. ఒకరిది ఇటుకముక్క, ఒకరిది చిల్లుపడ్డ కెటిల్, ఇంకొకరిది పాత బూటు. ఏది ఎవరిదో వీధంతటికీ తెలుసు. కిటికీ తెరిచేసరికి వచ్చి ఎవరి రాయి దగ్గర వాళ్ళు నిలబడాలి. పాలు ఇరవైమందికి వస్తే గొప్ప. తక్కినవాళ్ళు ఖాళీ సీసాలతో ఇంటిముఖం పట్టాలి. చిత్రం ఏమిటంటే, ఈ సంగతి చెబుతూ వీధిలో ముసలివాళ్ళందరూ నవ్వేవారు. ఆ చలిని, ఆ కెటిల్‌ని, ఒకరిమీద ఒకరు వేసుకున్న జోకుల్ని తలుచుకుని మురిసిపోయేవారు. అంత కరువును తలుచుకుని మురవడమేమిటో లెదీనాకు అప్పుడు అర్థం కాలేదు.

నానమ్మ మాత్రం నవ్వలేదు. తాతయ్య థానాస్ ఒకరోజు మంగలిషాపులో గడ్డం గీయించుకుంటూ "వెనకటి జున్ను బాగుండేది" అన్నాడట. ఆ మూడు మాటలకు రాగి గనిలో ఎనిమిదేళ్ళు వేశారు. మనిషి తిరిగొచ్చాడు గాని, ఊపిరితిత్తులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఆయన్ను పట్టుకుపోయిన వారానికి వీధివాళ్ళందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. అందులో గోడ అవతలి ఇంటి నజీఫే లేచి, "ఆ ఇల్లు శత్రువు ఇల్లు, వాళ్ళతో మాకు మాటల్లేవు" అని అందరిముందూ చదివింది. ఆ మర్నాటినుంచి వీధిలో ఒక్కరూ నానమ్మ మొహం చూస్తే ఒట్టు. ఆమెను రోడ్డుపనికి తోశారు. చంకలో రెండేళ్ళు నిండని కొడుకు, వాడికి ఎడతెగని దగ్గు. ఆ కొడుకే లెదీనా నాన్న.

పని ముగించుకుని వచ్చి రాయి పెట్టేసరికి నానమ్మది ఎప్పుడూ చివరి చోటే. కానీ తెల్లారి వెళ్ళి చూస్తే ఆమె రాయి ఏడోదో ఎనిమిదోదో అయి కూర్చునేది. ఎవరో రాత్రికిరాత్రి ముందుకు జరిపేవారు. ఒకరోజూ రెండురోజులూ కాదు, మూడు చలికాలాలు.

"మీ నాన్న బతికింది ఆ పాలతోనే. ఆ చెయ్యి ఎవరిదో తెలియకుండా నేను పోతే నాకు మనశ్శాంతి ఉండదే, లెదీనా" అంది నానమ్మ.

ముప్పై ఏడేళ్ళుగా ప్రతి జూన్‌లోనూ లేత అక్రోటు కాయలు పాకం పట్టి గ్లికో చేసినప్పుడు, మొదటి సీసా ఆ చేతికోసమని అలమరాలో దాచేది. పోయిన ఏటి సీసా ఎవరూ రాక మిగిలిపోతే అది ఇంట్లోవాళ్ళు తినేవారు. దాని చోట్లో కొత్తది పెట్టేది. ఆ చేతిని ఎలాగైనా పట్టుకొచ్చి నానమ్మ ముందు నిలబెట్టాలని లెదీనా ఆ రోజే నిశ్చయించుకుంది.

రాయి సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. నియంత పోయాక వీధిలో వీరులకు కొదవ లేదు. ముందుగా ఆ మంగలి పెట్రాకే మీసం దువ్వుకుంటూ, "ఇంకెవరనుకున్నావు? నేనే జరిపాను. తెల్లచార రాయి, నాకు గుర్తులేకపోవడమేమిటి" అన్నాడు. ఎవరి షాపులో మాట బయటికి పొక్కిందో ఆ మనిషే! మరో రెండిళ్ళలో కూడా అదే కోత కోశారు. లెదీనా సంబరపడిపోతూ వచ్చి చెప్పినప్పుడల్లా నానమ్మ ఒకే ప్రశ్న వేసేది.

"ఏ రాయన్నాడు?"

"తెల్లచార రాయి."

"అయితే వాడు కాదు" అని అలమరా మూసేసేది. ఎందుకు కాదో చెప్పేది కాదు.

నలుగురి మాటలు రాసుకోవడం అయింది. అయిదో మనిషి కావాలి. వీధిలో మిగిలింది నజీఫే ఒక్కతే, ఆ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానని చిన్నప్పటినుంచీ నానమ్మ హెచ్చరిక. అయితే నజీఫేకి చూపు తగ్గిపోయిందని కూతురు శనివారం వచ్చి దుర్రెస్‌లోని తన ఇంటికి తీసుకుపోతోంది. పోతే ఇక రాదు. గురువారం మధ్యాహ్నం లెదీనా నానమ్మకు చెప్పకుండా ఆ గడప తొక్కింది.

నజీఫే సామాను సర్దుతోంది. ఎముకల గూడులాంటి మనిషి, నోరు మాత్రం గంట. పొలిక్సెనీ మనవరాలినని చెబితే కూర్చోమని కూడా అనలేదు. లెదీనా బెరుకుగా సంచిలోంచి రాయి తీసి బల్లమీద పెట్టింది. ముసలామె రెండు చేతులతో తడిమి, ఎత్తి, బరువు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ముప్పై ఏడేళ్ళకి తెచ్చిచ్చారన్నమాట" అంది.

"ఇది మా నానమ్మ రాయి, మామ్మగారూ."

"మీ నానమ్మది నల్లరాయి. దాన్ని ఆ పాలకొట్టువాడు కాలితో తన్ని వ్యోసా ఏట్లో పడేశాడు. ఇది నాది, దాని బదులు పెట్టాను. క్యాబేజీ తొట్టిలో బరువు పెట్టుకునేదాన్ని. ఇది పోయాక ఆ ఏడు క్యాబేజీ అంతా పైకి తేలి బూజు పట్టింది. మా అత్త వారంరోజులు దుమ్మెత్తిపోసింది."

లెదీనా గబగబా రాసుకుంది. ఆ రోజుల్లో నజీఫేది తెల్లవారకముందే వీధులూడ్చే పని. పాలకొట్టు ముందు ఊడుస్తూ ఊడుస్తూ ఆ రాయిని చీపురుతో పాటు ముందుకు జరుపుకుపోయేదట.

"మరి మీటింగులో ఎందుకలా అన్నారు?"

"మా అన్న సరిహద్దు దాటిపోయాడు. పట్టుకుపోయేవాళ్ళ జాబితాలో మీ తాత తరవాతి పేరు మాదే. కాగితం వాళ్ళే రాసిచ్చారు, గొంతు మాత్రం నాది. రాసుకో, అది కూడా రాసుకో." మూట ముడి బిగిస్తూ మళ్ళీ అంది. "మీ నాన్న దగ్గు ఆ గోడలోంచి వినబడేది. నిద్రపోనిస్తేగా వెధవ దగ్గు."

"ఇన్నేళ్ళూ నానమ్మకు చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పను? రాయి సంగతి చెబితే, మీటింగు సంగతి మాఫీ చెయ్యమన్నట్టు ఉండదూ? అది నేను అడగను."

లెదీనా ఇంటికొచ్చి దాచకుండా అంతా చెప్పేసింది. నల్లరాయి మాట వినగానే నానమ్మ చేతిలోని అల్లిక పక్కన పెట్టింది. రాయి మారిన సంగతి ఆమె ఎవరికీ, కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు, తెలిస్తే ఆ చేతికే తెలియాలి. ఒక తెల్లవారుజామున వెళ్ళేసరికి తన రాయి లేదు, ఏడోచోట ఉప్పువాసన కొట్టే ఈ రాయి కూర్చునుంది. నోరు మూసుకుని దాని పక్కన నిలబడింది.

"ఈ వీధిలో ఇంతమంది ఉండగా ఆ చెయ్యే దొరికిందా నాకు" అంది నానమ్మ. అని తలగుడ్డ చెంగుతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్న మనిషీ, దండం పెట్టుకున్న చెయ్యీ ఒకటేనని ఆమె తట్టుకోలేకపోయింది. శుక్రవారమంతా పొయ్యి వెలిగించలేదు. ఎందుకు చెప్పానురా దేవుడా అని లెదీనా లోలోపల కుమిలిపోయింది.

శనివారం పొద్దున నజీఫే ఇంటిముందు వ్యాను ఆగింది. మూటలెక్కించారు. నజీఫే కూతురి భుజం పట్టుకుని గేటు దాటింది. అప్పుడు ఇవతలి తలుపు తెరుచుకుంది. ఉతికిన తలగుడ్డ కట్టుకుని, చేతిలో పళ్ళెం పట్టుకుని నానమ్మ బయటికొచ్చింది. పళ్ళెంలో గ్లికో గిన్నె, చెంచా, గ్లాసుతో నీళ్ళు, పక్కన ఆ రాయి. ఇంటికొచ్చిన చుట్టానికి చేసే మర్యాద నడివీధిలో చేసింది. వీధివాళ్ళు కిటికీల్లోంచి ముక్కున వేలేసుకుని చూశారు.

నజీఫే చెంచా అందుకుని ఒక అక్రోటు కాయ నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది.

"పాకం ముదిరింది" అంది.

"నీ నోరు మారలేదు" అంది నానమ్మ. "మీటింగులో అన్నమాట నేను మరిచిపోలేదు."

"మరిచిపోకు."

"మరిచిపోను. పాలూ మరిచిపోను."

నజీఫే రాయికోసం చెయ్యి చాచింది. నానమ్మ ఇవ్వలేదు. నజీఫే గేటు పక్కన, మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చేరి కబుర్లాడుకునే అరుగు ఉంది. ముప్పై ఏడేళ్ళుగా తాను కూర్చోని ఆ అరుగు దగ్గరికి వెళ్ళి, గోడవైపు చివర ఆ రాయి పెట్టింది.

"ఇది నీ చోటు. నువ్వొచ్చేదాకా ఎవరూ తీసుకోరు. తీసుకుంటే నేనూరుకోను."

నజీఫే అరుగు వైపు తిరిగింది. చేతులతో గాలిలో తడుముకుంటే నానమ్మ ఆ చేతులు పట్టుకుని వ్యాను ఎక్కించింది.

ఆమె తిరిగి రాలేదు. నానమ్మ మాత్రం ఎండైనా చలైనా మధ్యాహ్నాలు వెళ్ళి ఆ రాయి పక్కన కూర్చునేది, వీధి సంగతులన్నీ దానికి చెప్పి మరీ లేచేది.

కథ అయ్యాక పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఆ రాయి ఇంకా ఉందా టీచర్ అని. ఉందని చెబుతుంది లెదీనా. నానమ్మ చనిపోయిన ఏడు తనే వ్యోసా ఏటి ఒడ్డంతా వెతికి నల్లరాయి ఒకటి తెచ్చి, దాని పక్కన పెట్టింది.