దడ ఉండగానే తీసుకెళ్ళాల్సింది

మెకానిక్‌కి నోరెక్కువ, హస్తవాసి మంచిది. ఎవరైనా షెడ్డుకి బండి తెచ్చి, "దారంతా కటకటమందండీ, ఇక్కడికొచ్చేసరికి ఆగిపోయింది" అంటే చాలు, ఇంతెత్తున లేచేవాడు. "చప్పుడు చేయని బండికి నేనేం జాతకం చెప్పను? చప్పుడు చేస్తుండగా తీసుకురా!" అని తరిమేసేవాడు.

అంత తెలిసిన మనిషికి ఇంట్లో మాత్రం బుద్ధి గడ్డి తింది.

ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో టీచరు. స్టీరింగ్ పట్టుకోగానే చెమటలు పట్టేవాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, నవ్విస్తూ నేర్పేది. ఆ ఉద్యోగమంటే ఆవిడకి ప్రాణం. అలాంటి మనిషికి ఉన్నట్టుండి గుండె పరుగందుకునేది. కూర కలుపుతున్నా, బట్టలు మడతపెడుతున్నా, చెప్పాపెట్టకుండా ఆ దడ వచ్చేది. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటున్నట్టుండేది, కళ్ళు తిరిగేవి, కాళ్ళలో సత్తువ ఉండేది కాదు.

మెకానిక్ హడలిపోయేవాడు పాపం. ఎవరో చెప్పారని బేసిన్‌లో ఐసునీళ్ళు పోసి ఆవిడ ముఖం ముంచేవాడు. దడ టక్కున ఆగిపోయేది. "చూశావా నా వైద్యం!" అని మీసం మెలేసి, అప్పుడు తీరిగ్గా ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. అక్కడ వైర్లు పెట్టి ఈసీజీ తీస్తే గీతలన్నీ బుద్ధిగా ఉండేవి. "ఏమీ లేదమ్మా, కంగారు తగ్గించుకో" అని పంపేసేవారు. ఎన్నిసార్లు వెళ్ళినా ఇదే తంతు. చివరికి ఆయనా నమ్మేశాడు. "నీ గుండెకేం, గుండ్రాయిలా ఉంది. నీకున్నదల్లా భయం" అనేవాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆవిడకి చెప్పకుండా స్కూలు ఓనరు దగ్గరికెళ్ళి, "మా ఆవిడకి కాస్త నరాల బలహీనతండీ. రోడ్డు మీద పని కదా, ఓ కంట కనిపెట్టండి" అన్నాడు. మంచికే అన్నాడు. ఓనరు ఓ కంట కనిపెట్టలేదు సరికదా, రెండు కళ్ళూ మూసుకుని ఆవిడని ఇంటికి పంపేశాడు. నేర్చుకునేవాళ్ళు తగ్గారని సాకు చెప్పాడు.

పని పోయింది గానీ దడ పోలేదు. ఒకరోజు మెకానిక్ షెడ్డులో ఉండగా వచ్చింది. పక్కింటి పిన్నికి ఐసునీళ్ళ సంగతి తెలియదు. దడదడలాడుతున్న మనిషిని అలాగే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. ఈసారి మిషన్‌కి దొంగ దొరికాడు. గుండెలో కరెంటు అడ్డదారి పట్టిందన్నారు. తొడ దగ్గర్నుంచి సన్నటి వైరు పంపి ఆ దారిని కాల్చేశారు.

"ఇన్నాళ్ళూ దడ ఉండగా ఎందుకు తీసుకురాలేదండీ?" అని డాక్టరమ్మ అడిగితే మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. రోజూ తాను జనాన్ని తిట్టే తిట్టే అది. ఛీ, ఏం బతుకు నాది అనుకున్నాడు.

కోలుకోగానే ఆవిడ స్కూలుకి బయల్దేరింది. ఆయనా వెంట వెళ్ళాడు.

"గుండె బాగైందంటే సంతోషమేనమ్మా" అన్నాడు ఓనరు. "కానీ నరాల మాటేంటి? ఆరోజు మీ ఆయనే వచ్చి చెప్పారు కదా. ఇక్కడ అందరికీ తెలిసిపోయింది, ఇక నీ పక్కన ఎవరు కూర్చుంటారు చెప్పు?"

"అబ్బే, అది నేనేదో తెలియక..." అంటూ మెకానిక్ ముందుకొచ్చాడు. ఓనరు అప్పటికే ఫోనెత్తాడు.

ఆవిడ బయటికి నడిచింది. గుమ్మం దాటాక భర్త వైపు తిరిగింది.

"ఉన్న జబ్బు ఉందని ఇన్నేళ్ళు మొత్తుకున్నా నా మాట ఒక్కరూ నమ్మలేదండీ. లేని జబ్బు మీరు ఒక్కసారి చెప్పారు, అందరూ నమ్మేశారు."