రాజవ్వ పలకని పేరు

నా పేరంటే నాకు చిన్నప్పటి నుంచీ మంట. నాకు ముందు పుట్టినవాళ్లు ఎవరూ దక్కలేదని, నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకొచ్చి పెంటయ్య అని పేరు పెట్టారు. అట్లా చేస్తే చావు కన్ను పడదని మావాళ్ల నమ్మకం. నేను బతికాను, సరే. ఆ పేరుతో వేగింది ఎవరు? జిన్నారం దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరితే, బీహారు కుర్రాళ్లు దాని అర్థం కనుక్కుని మరీ పిలిచేవాళ్లు. పానా ఎత్తి కొట్టబోయిన రోజులు కూడా ఉన్నాయి. నాకు ముక్కు మీదే కోపం.

ఆ పేరు ఎన్నడూ పలకనిది నా భార్య రాజవ్వ ఒక్కతే. సంగారెడ్డి దగ్గర మా కొండాపూర్ వైపు ఆమె ఈడు ఆడవాళ్లు మొగుడి పేరు నోట రానివ్వరు. మామూలుగా "ఏమయ్యా" అంటుంది. కోపమొస్తే "యాదగిరి నాయినా" అని మా కొడుకు పేరు అడ్డం పెట్టి పిలుస్తుంది. ఒక్కసారి నా పేరు అనమని పెళ్లయిన కొత్తలో ఎంత బతిమాలానో! దిండు తీసి నా మొహం మీద కొట్టింది.

రెండు వేల ఒకటిలో ఒకరోజు ఆమె పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఎవరికైనా జరుగుతుంది. కానీ రాజవ్వ పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. వాళ్ల అమ్మ ఆగమ్మకు మతిమరుపు రోగం వచ్చి, చివరి రోజుల్లో కన్నకూతురినే దొంగ అని కట్టె పట్టుకుని తరిమింది. రాజవ్వ భయమంతా అదే.

"నాకు గూడ గదే వస్తదా? రేపు నా బిడ్డను నేనే తరుముతనా? ఎవలన్న జెర సూసి చెప్పున్రి" అంది.

పటాన్‌చెరు ఆసుపత్రికి ఆ రోగం చూసే డాక్టరు వస్తున్నాడని తెలిసి తీసుకెళ్లాను. పేరు భీమశంకరం. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. పక్కన లీలమ్మ అనే నర్సు ఉంది, సంగారెడ్డి మనిషే.

డాక్టరు చెంబు, గొడుగు, మేక అని చెప్పి, మళ్లీ అడుగుతాను గుర్తుంచుకోమన్నాడు. ఇది ఏ నెల, ఏ వారం అని అడిగాడు. రాజవ్వ టకటకా చెప్పింది. చెంబూ గొడుగూ మేకా కూడా అప్పగించి, "మాకు మేక లేదు సారు, అమ్మినం" అని కూడా చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు అడిగాడు, "మీ ఆయన పేరేంటమ్మా?"

రాజవ్వ తల దించుకుంది. నేను మధ్యలో దూరి చెప్పొచ్చు. కానీ ఇవాళైనా ఆమె నోట నా పేరు వింటానేమో అని ఆశ. డాక్టరు మళ్లీ అడిగాడు. ఆమె పలకలేదు. ఆయన మొహం వాడిపోయింది. పాపం అన్నట్టు నా వైపు చూసి ఏదో రాసుకోబోయాడు.

లీలమ్మ ఫక్కున నవ్వింది. "సార్, ఆమె మరిసిపోలే. మొగని పేరు తీస్తలేదు. మా దిక్కు గట్లనే."

"అయితే ఇంకో రకంగా చెప్పమ్మా" అన్నాడాయన.

రాజవ్వ తల ఎత్తింది. "పసుల కొట్టం ఊడ్సి ఏడ పోస్తరు సారూ? దానికి అయ్య తగిలియ్యున్రి."

ఇంకేముంది! డాక్టరు నవ్వాడు, గుమ్మం బయట కూర్చున్నవాళ్లూ నవ్వారు. నాకు చెవుల దాకా మండింది. రాజవ్వ మాత్రం నవ్వలేదు.

"నవ్వున్రి సారు. మేం గూడ గిట్లనే నవ్వినం. మా అవ్వ ఎన్నడు మా నాయిన పేరు తియ్యలే. ఒకనాడు పొద్దుగాల వాకిట్ల నిలవడి పేరు వెట్టి పిలిసింది. ముసల్దానికి సరసం ఎక్కువైందని వాడకట్టంత నవ్వింది. రోగం గప్పుడే షురువైందని మాకేమెరుక? ఉప్పు, పప్పు, బిడ్డ, అన్నీ ఎన్కనే మరిసింది. అన్నిటికంటె ముందుగాల మరిసింది, మొగని పేరు తియ్యొద్దన్న ముచ్చట."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఇన్నేళ్లూ నేను అది సిగ్గు అనుకున్నాను. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి ఆమె నా పేరు దగ్గర కాపలా కూర్చుందని, రోజూ తనను తానే పరీక్ష చేసుకుంటోందని నాకు తెలియనే తెలియదు. పక్కన కూర్చున్న మనిషిని కొత్తగా చూసినట్టు చూశాను.

"వస్తదా సారూ?" అని అడిగింది రాజవ్వ.

"ఇప్పుడైతే లేదు. మీ అమ్మగారికి వచ్చింది కాబట్టి మీకు కొంచెం ఎక్కువ అవకాశం ఉంది. కచ్చితంగా వస్తుందని గానీ, రాదని గానీ నేను చెప్పలేను" అన్నాడు. బీపీ ఉంది, మాత్రలు మానొద్దన్నాడు. గుమ్మం దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు చెవులు తెరుచుకుని ఉండండి" అన్నాడు.

అంతే, ఆ రోజు నుంచి నా పేరు అనమని ఆమెను ఆటపట్టించడం మానేశాను. పొద్దున్నే "ఏమయ్యా" అని వినిపిస్తే చాలు, ఆ రోజు గడిచినట్టే. ఫ్యాక్టరీకి వెళ్లేటప్పుడు కావాలనే చెప్పులు ఎక్కడని అడిగేవాణ్ణి. "కండ్లు లేవా యాదగిరి నాయినా!" అని తిడితే, నవ్వుకుంటూ వెళ్లేవాణ్ణి. ఆ తిట్ల మీదే ఏళ్లు గడిచాయి.

ముత్తంగి దగ్గర రింగురోడ్డు లేస్తున్న ఏడాది, ఒక పొద్దున ఇంటి వెనక చిక్కుడు పందిరి కడుతున్నాను. రాజవ్వ తలుపు దగ్గరికి వచ్చింది.

"పెంటయ్యా!"

చేతిలో తాడు జారిపోయింది. పక్కింటి బక్కమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఓయమ్మో, గిప్పుడు మోజు పుట్టిందా అక్కా!" అని పకపకా నవ్వింది.

నాకు ఏమైందో తెలుసు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలనీ తెలుసు. కానీ దేవుడి మీద ఒట్టు, ఆ క్షణాన నాకు ముందు కలిగింది ఏడుపు కాదు, ఆశ్చర్యం. జీవితమంతా నన్ను వెక్కిరించిన పేరు అది. మా అమ్మ పోయాక దాన్ని అంత మెత్తగా ఎవరూ పిలవలేదు. అంత మంచి పేరు నాకుందా అనిపించింది.

"చాయ్ సల్లారుతుంది, రా" అంది రాజవ్వ.

నేను పందిరి చాటునే నిలబడ్డాను.

"ఓ పెంటయ్యా!" అని మళ్లీ పిలిచింది.

"వస్తున్న రాజవ్వా" అన్నాను.