సౌరకుటుంబానికి సవరణలు

నేను ఒక సౌరకుటుంబ నమూనాను. టేకు బల్ల, ఇత్తడి చువ్వలు, నడుమ గుమ్మడికాయంత సూర్యుడు, చుట్టూ రంగు గోళాలు. పిడి తిప్పితే కదలవలసిన మహాసామ్రాజ్యాన్ని. రాజాం దగ్గరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే సన్యాసిరావు మాస్టారు, ఉద్యోగంలో చేరిన ఏడాది, వడ్రంగి అప్పలస్వామి చేత నన్ను చేయించారు. ఆనాడు నా పిడి తిప్పి, "విశ్వమంటే ఇంతేనర్రా!" అని పిల్లలకు ప్రకటించారు. అప్పటికి ఆయన చదివిన పుస్తకం ఒక్కటే. అందుచేత సందేహం ఒక్కటీ లేదు.

నా దురదృష్టం, ఆయన చదువు మానలేదు. ఒక పుస్తకం చదివి గ్రహాలు తిరిగే నా గుండ్రని గాడులను కోలగా చెక్కించారు, పిడి బిగుసుకుపోయింది. మరొకటి చదివి ప్లూటోను పెరికించారు. ఇంకొకటి చదివి, సూర్యుడు కూడా పరుగెత్తుతున్నాడంటూ నా కాళ్లకు చక్రాలు వేయించారు. నాటి నుంచి పాఠం మధ్యలో నేను వరండాలోకి జారిపోతూ ఉంటాను.

ఈ ఏడాది ఆయనకు పదవీ విరమణ. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనలో ప్రథమ బహుమతి ఒక్కసారైనా రాలేదు. ఇదే చివరి అవకాశం. ప్రదర్శనకు వారం ముందు ఏదో లెక్క వేసి తల పట్టుకున్నారు.

"అప్పలస్వామీ, సూర్యుడు ఇంత ఉంటే భూమి మిరియపు గింజంత ఉండాలోయ్. అదీ ఇక్కడ కాదు, ఆ గేటు దగ్గర. నెప్ట్యూను బస్టాండు అవతల."

"ఏటి బాబూ! బస్టాండు కాడికి చువ్వెయ్యమంటారేటి? మీరు సదివినకొద్దీ నాకు పని పెరుగుతంది గానీ ఇది పూర్తవదు. ఆ పుస్తకాలు దాసీండి, బహుమతొస్తాది!"

ఆయన దాచలేదు. ప్రదర్శన రోజున న్యాయనిర్ణేత ఒక్క ప్రశ్నే అడిగారు: "విశ్వమంటే ఇదేనా మాస్టారూ?"

పక్కనే వేరే పాఠశాల వారి అట్ట అగ్నిపర్వతం, సోడా నురగ కక్కుతూ, ఏ సంశయమూ లేకుండా నిలబడి ఉంది. 'అవునండీ అనండి మహాప్రభో' అని నా చువ్వలన్నీ వేడుకున్నాయి.

"చేరిన ఏడాది అడిగుంటే అవుననేవాడినండి," అన్నారు మాస్టారు. "ఇప్పుడైతే ఇందులో ఏది తప్పో మాత్రం వివరంగా చెప్పగలను."

గడువు రెండు నిమిషాలు. ఆయన నలభై నిమిషాలు చెప్పారు. న్యాయనిర్ణేత కుర్చీ తెప్పించుకుని అంతా శ్రద్ధగా విని, బహుమతిని అగ్నిపర్వతానికి ఇచ్చి, నా చీటీ మీద 'అసంపూర్ణం' అని రాశారు.

మాస్టారు ఆ చీటీని రెండుసార్లు చదివారు. ముఖం వాడిపోతుందనుకున్నాను. జిగురు తెప్పించి, దాన్ని నా సూర్యుడి నుదుటనే అంటించారు.

"ఇన్నేళ్లలో దీనిమీద తప్పులేని మాట ఇదొక్కటేనోయ్," అన్నారు, నన్ను తోసుకొచ్చిన అప్పలస్వామితో.

ప్రస్తుతం నేను సామాను గదిలో, విరిగిన బెంచీల నడుమ విశ్రమిస్తున్నాను. విరమణ పొందిన మనిషి ఇక వదిలేస్తాడని మీరనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిన్న తలుపు తెరుచుకుంది. మాస్టారి చంకలో కొత్త పుస్తకం. వెనక, రంపంతో, అప్పలస్వామి.